పొద్దున్నే ఆలస్యంగా లేచే ముల్లు: పాత కారులో ఆయిల్ పీడనం లోపాన్ని కనిపెట్టడం



పల్లెల్లో పెరిగిన వాళ్ళకు ఈ దృశ్యం బాగా పరిచయం. రైతు తెల్లవారుజామున బావి దగ్గరకు వెళ్ళి మోటారు స్విచ్చి వేస్తాడు. మోటారు తిరుగుతుంది కాని నీళ్ళు రావు. మోటారు పాడైపోయిందని ఆయన కంగారుపడడు. స్విచ్చి ఆపి, పంపు మీద ఉన్న బిరడా విప్పి, బిందెడు నీళ్ళు పోసి, మళ్ళీ స్విచ్చి వేస్తాడు. ఈసారి నీళ్ళు దూకుతాయి. రాత్రి ఫుట్ వాల్వు కారి, గొట్టంలో నిలవాల్సిన నీళ్ళు బావిలోకి దిగిపోయాయని ఆయనకు తెలుసు. పంపులో లోపం లేదు, నీళ్ళను పట్టి ఉంచే చోట ఉంది లోపం.

ఈ పాఠంలో మనం ఇదే ఆలోచనను ఒక పాత కారు ఇంజన్‌కు అన్వయించి చూద్దాం. రాత్రంతా ఆగి ఉన్న కారును పొద్దున్నే స్టార్టు చేస్తే, ఆయిల్ పీడనం చూపే ముల్లు కొన్ని సెకన్ల పాటు సున్నా దగ్గరే ఉండిపోతుంది. తర్వాత ఒక్కసారిగా లేచి మామూలు అంకె దగ్గర నిలుస్తుంది. ఇది దేనికి గుర్తు? ఇంజన్ విప్పాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడం ద్వారా, ఏ యంత్రంలోనైనా లోపాన్ని ఎలా కనిపెట్టాలో నేర్చుకుందాం.

మనం తీసుకునే ఉదాహరణ

ఉదాహరణకు ఎం.జి.బి. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును తీసుకుందాం. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు ఈ కార్లు తయారయ్యాయి. మొత్తం ఐదు లక్షలకు పైగా తయారు కావడం వల్ల నేటికీ ఎంతోమంది వీటిని భద్రంగా చూసుకుంటూ నడుపుతున్నారు. ఇందులోని 1798 సి.సి. ఇంజన్ 'బి-సిరీస్' అనే కుటుంబానికి చెందినది. మన దేశంలో ఉత్తరపారా కర్మాగారంలో 2014 దాకా తయారైన అంబాసిడర్ కారులో ఎన్నో ఏళ్ళు వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజన్ కూడా ఈ కుటుంబంలోదే. ఒకప్పుడు సర్కారు కారు అంటే అంబాసిడరే. కాబట్టి ఈ ఇంజన్ మనకు దూరపు చుట్టం కాదు.

బాగున్న ఎం.జి.బి. ఇంజన్ వేడెక్కిన తర్వాత, కారు నడుస్తున్నప్పుడు ఆయిల్ పీడనం చదరపు అంగుళానికి 50 నుంచి 80 పౌండ్ల మధ్య ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా, అంటే ఐడ్లింగ్‌లో, తిరుగుతున్నప్పుడు 10 నుంచి 25 పౌండ్ల దాకా ఉంటే చాలు. ఈ అంకెలు గుర్తుంచుకోండి. ముందు ముందు మనకు పనికొస్తాయి.

పీడనం చేసే పని ఏమిటి?

ఆయిల్ పీడనమే క్రాంక్ షాఫ్టును పైకెత్తి బేరింగుకు తగలకుండా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఇది పూర్తిగా నిజం కాదు. 1883లో బ్రిటిష్ ఇంజనీరు బీచమ్ టవర్ రైలు ఇరుసు బేరింగులపై ప్రయోగాలు చేశాడు. ఆయిల్ పోయడానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతూ ఉంటే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. బిరడా బిగిస్తే దాన్నీ నెట్టేసింది. బయటినుంచి ఏ పంపూ నెట్టకుండానే ఆ పలుచటి పొరలో అంత పీడనం ఎక్కడిది? 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దీనికి గణితంతో సమాధానం చెప్పాడు. మీరు చదివే రెనాల్డ్స్ సంఖ్య ఈయన పేరు మీదిదే. తిరిగే ఇరుసు తనతోపాటు ఆయిల్‌ను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోతుంది. అలా ఇరుకులో పడ్డ ఆయిల్ పొరలో పీడనం పుడుతుంది. బరువును మోసేది ఆ పీడనమే.

అయితే పంపు ఎందుకు? బేరింగు అంచుల నుంచి ఆయిల్ నిత్యం కారిపోతూ ఉంటుంది. కారిపోయినంత ఆయిల్‌ను మళ్ళీ మళ్ళీ అందించడమే పంపు పని. గేజి మీద మనం చూసే పీడనం ఆ సరఫరా సాగుతోందనడానికి గుర్తు. ఇంజన్ ఆపినప్పుడు లోహాల మీద పలుచటి పొర కొంత మిగిలి ఉంటుంది. అందువల్ల రెండు మూడు సెకన్ల ఆలస్యానికే ఇంజన్ చెడిపోదు. కాని ప్రతి ఉదయం పది సెకన్ల పాటు ఆ మిగిలిన పొరతోనే తిరిగితే, సంవత్సరాల మీద అరుగుదల పేరుకుంటుంది. కనుక దీన్ని పట్టించుకోకుండా వదిలేయకూడదు. భయపడి ఇంజన్ మొత్తం విప్పేయనూ కూడదు.

ఆయిల్ నడిచే దారి

లోపం ఎక్కడుందో తెలియాలంటే ముందు దారి తెలియాలి. ఇంజన్ అడుగున సంపు అనే తొట్టిలో ఆయిల్ ఉంటుంది. తీగ జల్లెడ గుండా పంపు దాన్ని లాక్కుంటుంది. బి-సిరీస్ ఇంజన్‌లో ఈ పంపును తిప్పేది క్యామ్ షాఫ్టు. కాబట్టి పంపు వేగం క్రాంక్ షాఫ్టు వేగంలో సగమే. పంపు దాటాక పీడనం హద్దు మీరకుండా చూసే రిలీఫ్ వాల్వు ఉంటుంది. చదరపు అంగుళానికి సుమారు 70 పౌండ్ల దగ్గర అది తెరుచుకుని, ఎక్కువైన ఆయిల్‌ను సంపులోకి వదిలేస్తుంది. తర్వాత ఫిల్టరు. ఫిల్టరు దాటాక ప్రధాన నాళం. అక్కడినుంచి క్రాంక్ షాఫ్టు బేరింగులకూ, క్యామ్ షాఫ్టుకూ, పైన రాకర్లకూ ఆయిల్ చేరుతుంది. పీడనం చూపే గేజికి కూడా ఒక సన్నని గొట్టం వెళుతుంది.

ఈ దారిని పంపుకు ముందు, పంపుకు తర్వాత అని రెండు భాగాలుగా చూడాలి. పంపుకు తర్వాత ఆయిల్‌ను 70 పౌండ్ల పీడనంతో నెట్టవచ్చు. పంపుకు ముందు మాత్రం అలా కుదరదు. పంపు పీల్చుకుంటుంది అని మనం మాటవరసకు అంటాం కాని, నిజానికి పంపు చేసేది కొంత ఖాళీ ఏర్పరచడమే. ఆయిల్‌ను ఆ ఖాళీలోకి నెట్టేది వాతావరణ పీడనం. అది చదరపు అంగుళానికి 14.7 పౌండ్లకు మించదు. అందుకే పంపుకు ముందున్న భాగంలో చిన్న అడ్డంకి కూడా పెద్ద ఆలస్యానికి దారి తీస్తుంది. అక్కడ అతుకు వదులై గాలి దూరితే ఇంకా కష్టం.

అనుమానించవలసినవి

ముల్లు ఆలస్యంగా లేవడానికి కారణాలు ఐదు ఉండవచ్చు.

మొదటిది గేజి. పీడనం సమయానికే వచ్చినా, గేజికి వెళ్ళే సన్నని గొట్టంలో మడ్డి పేరుకున్నా, చిక్కటి ఆయిల్ వెనక గాలి చిక్కుకున్నా ముల్లు ఆలస్యంగా కదులుతుంది. అప్పుడు ఇంజన్‌లో లోపం లేదు, వార్త చేరడంలోనే ఆలస్యం.

రెండోది ఆయిల్ చిక్కదనం, అంటే స్నిగ్ధత. చలికాలంలో ఆముదం సీసా వంచి చూసిన వాళ్ళకు దీన్ని వివరించనక్కర్లేదు. ఈ కార్లలో సాధారణంగా వాడే 20డబ్ల్యు-50 రకం ఆయిల్, 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న దానికంటే 40 డిగ్రీల దగ్గరే సుమారు ఎనిమిది తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. సున్నా డిగ్రీలకు చేరే ఇంగ్లండు చలికాలపు ఉదయాన అది ఇంకెంత చిక్కబడుతుందో ఊహించండి.

మూడోది ఫిల్టరు ఖాళీ కావడం. తర్వాతి కాలపు ఎం.జి.బి.లలో డబ్బా ఆకారపు ఫిల్టరును నోరు కిందికి ఉండేలా బిగించారు. బోర్లించిన చెంబులో నీళ్ళు నిలవవు కదా! ఆయిల్ వెనక్కి కారకుండా ఫిల్టరు లోపల రబ్బరు రేకుతో చేసిన ఒక వాల్వు ఉంటుంది. రైతు ఫుట్ వాల్వు లాంటిదే ఇది. వేడికి ఆ రబ్బరు గట్టిపడితే, రాత్రంతా ఆయిల్ పంపు సందుల గుండా సంపులోకి దిగిపోతుంది.

నాలుగోది పంపు. దాని లోపలి రోటర్లు అరిగితే సందులు పెరుగుతాయి. సందుల్లో ఆయిల్ తడి ఉన్నంతసేపు పంపు పని చేస్తుంది. ఆరిపోతే గాలిని మాత్రమే తిప్పుతూ ఉంటుంది. పంపుకు ముందున్న జల్లెడ పూడుకుపోవడం, అతుకుల్లో గాలి దూరడం కూడా ఈ కోవలోవే.

ఐదోది రిలీఫ్ వాల్వు. చిన్న మట్టి కణం అడ్డుపడి అది మూసుకోకపోతే, ఆయిల్ ముందుకు పోకుండా మళ్ళీ సంపులోకే పోతుంది.

రెండు స్టార్టుల పరీక్ష

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఐదింటిలో ఏది అసలు దోషి? రాత్రి గడిస్తే రెండు సంగతులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, ఆయిల్ చల్లబడి చిక్కబడుతుంది. రెండు, ఆయిల్ కిందికి కారడానికి చాలినంత సమయం దొరుకుతుంది. రెండూ కలిసి ఉన్నంతకాలం ఆలస్యం దేనివల్లో చెప్పలేం. శాస్త్రీయ పద్ధతి అంటే వాటిని విడదీయడమే. ఒకటి మారకుండా ఉంచి రెండోదాన్ని మార్చాలి.

దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కారు ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు బిగించి ఉండాలి. పొద్దున్నే ఇంజన్ స్టార్టు చేసి, ముల్లు కదలడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. యాక్సిలరేటర్ తొక్కవద్దు. పది సెకన్లు దాటినా ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయండి. పీడనం వచ్చాక ఇరవై సెకన్లు ఆగి ఇంజన్ ఆపండి. రెండు నిమిషాలు ఆగండి. మళ్ళీ స్టార్టు చేసి, మళ్ళీ సెకన్లు రాసుకోండి.

ఈ రెండో స్టార్టులో ఆయిల్ ఇంకా చల్లగానే ఉంది. ఇరవై సెకన్లలో సంపులోని ఆయిల్ వేడెక్కదు. కాని ఫిల్టరు ఇప్పుడు నిండుగా ఉంది. పంపు తడిసి ఉంది. అంటే చిక్కదనం మారలేదు, మారింది నిండుదనం ఒక్కటే.

రెండోసారి ముల్లు వెంటనే లేచిందా? అయితే దోషం చిక్కదనానిది కాదు. రాత్రి ఆయిల్ కిందికి కారిపోతోంది. ఫిల్టరునూ పంపునూ అనుమానించాలి. రెండోసారి కూడా అంతే ఆలస్యమైందా? అయితే కారిపోవడం కారణం కాదు. గేజి గొట్టం, ఆయిల్ రకం, పూడుకుపోయిన జల్లెడ అనుమానంలోకి వస్తాయి. రెండుసార్లూ పీడనం ఆలస్యంగా రావడమే కాక, వచ్చాక కూడా తక్కువగా, నిలకడ లేకుండా ఉంటే రిలీఫ్ వాల్వును చూడాలి. రెండే రెండు స్టార్టులతో ఐదుగురు అనుమానితులు రెండు మూడు గుంపులుగా విడిపోయారు, చూశారా!

ఒక చిన్న లెక్క కూడా చేద్దాం. ఖాళీ అయిన ఫిల్టరులో అర లీటరు ఆయిల్ పడుతుందనుకుందాం. పంపు ఒక చుట్టుకు 15 ఘనపు సెంటీమీటర్ల ఆయిల్ నెడుతుందనుకుందాం. ఇంజన్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే పంపు 500 చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 7500, సెకనుకు 125 ఘనపు సెంటీమీటర్లు. 500ను 125తో భాగిస్తే నాలుగు సెకన్లు. ఫిల్టరు నిండడానికే నాలుగు సెకన్లు పడుతుందన్నమాట. అరిగిన పంపు అయితే ఇంకా ఎక్కువ. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే అయినా, సెకన్ల ఆలస్యం అనేది మాయ కాదని, కొలవదగ్గ సంగతి అని ఇవి చెబుతాయి.

చవకైన పని ముందు, ఖరీదైన పని చివర

పరీక్ష దారి చూపాక పానా పట్టుకోవాలి. ఇక్కడ పాటించవలసిన నియమం ఒకటే. సులువుగా, చవకగా, ఇంజన్ విప్పకుండా చేయగలిగింది ముందు చేయాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. ఆయిల్, ఫిల్టరు, గేజి మూడూ ఒకేరోజు మార్చేస్తే కారు బాగుపడవచ్చు కాని, ఏది బాగుచేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

మొదట డిప్ స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడండి. తర్వాత, నమ్మకమైన మరో గేజిని నేరుగా ఇంజన్‌కు బిగించి పోల్చండి. కొత్త గేజి ముల్లు వెంటనే లేస్తే లోపం పాత గేజిలోనో దాని గొట్టంలోనో ఉన్నట్టు.

కారిపోవడం కారణమని తేలితే, రాత్రంతా ఆగిన కారు ఫిల్టరును పొద్దున్నే కింద పళ్ళెం పెట్టి విప్పండి. అది తేలికగా, ఖాళీగా వస్తే వాల్వు పనిచేయలేదన్నమాటే. కొత్త ఫిల్టరు కొనేటప్పుడు లోపల ఆ వాల్వు ఉందో లేదో అడగండి. మర సరిపోయినంత మాత్రాన ఫిల్టరు సరిపోయినట్టు కాదు. వాల్వు సరిగ్గా ఉన్న ఫిల్టరు బిగించాక కూడా ఆలస్యం తగ్గకపోతేనే పంపు వైపు చూడాలి.

చిక్కదనం కారణమైతే, కారు తయారీదారు ఆ చలికి ఏ రకం ఆయిల్ చెప్పాడో చూసి అది పోయాలి. రిలీఫ్ వాల్వు మీద అనుమానం ఉంటే, ఈ ఇంజన్‌లో అది వెనక భాగంలో ఎడమ పక్క గోపురం ఆకారపు నట్టు కింద ఉంటుంది. బయటినుంచే విప్పి శుభ్రం చేయవచ్చు.

అన్నిటికీ చివరిది పంపు. దానికోసం సంపు దించాలి. అప్పుడు కూడా కంటితో చూసి తీర్పు చెప్పకూడదు, కొలవాలి. రోటర్ల మధ్య సందు 0.15 మిల్లీమీటర్లు మించకూడదని, అంచు సందు 0.125 మిల్లీమీటర్లు మించకూడదని ఈ ఇంజన్ మరమ్మతు పుస్తకం చెబుతుంది. ఇవి రెండు మూడు వెంట్రుకల మందం మాత్రమే. పంపు తిరిగి బిగించేముందు దాన్ని ఆయిల్‌తో నింపాలి. రైతు పంపులో బిందెడు నీళ్ళు పోసినట్టే ఇది కూడా.

కొత్త పంపు వేశాక, లేదా కారు నెలల తరబడి ఆగి ఉన్నాక, మొదటిసారి నేరుగా స్టార్టు చేయవద్దు. ఇగ్నిషన్ కాయిల్ తీగ తీసేసి, స్పార్కు ప్లగ్గులు విప్పి, పీడనం కనిపించేదాకా స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పండి. ప్లగ్గులు లేకపోతే సిలిండర్లలో ఒత్తిడి ఉండదు కనుక బేరింగుల మీద భారం తగ్గుతుంది.

బేరింగుల మాట

ఆలస్యం అనగానే చాలామంది 'బేరింగులు పోయాయి' అంటారు. ఇక్కడే వేలకు వేలు చేతులు మారతాయి. ఆలోచించండి. బేరింగు అరిగితే సందు పెరుగుతుంది, ఆయిల్ ఎక్కువగా కారిపోతుంది. ఈ కారడం ఎక్కువగా ఉండేది ఆయిల్ పలుచగా ఉన్నప్పుడు, అంటే ఇంజన్ వేడెక్కాక. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిల్ ఆ అరుగుదలను కప్పిపుచ్చుతుంది కూడా. కాబట్టి అరిగిన బేరింగులకు ముఖ్యమైన గుర్తు పొద్దున్న ముల్లు ఆలస్యం కావడం కాదు. వేడెక్కాక ఐడ్లింగ్‌లో పీడనం బాగా పడిపోవడం, లోపలినుంచి బరువైన చప్పుడు రావడం.

'ఆలస్యపు పీడనం', 'తక్కువ పీడనం' అనేవి రెండు వేర్వేరు జబ్బులు. ఒక యజమానిని ఊహించుకోండి. పొద్దున్న ముల్లు ఎనిమిది సెకన్లు ఆలస్యమవుతోంది. వేడెక్కాక పీడనం 60 పౌండ్లు, ఐడ్లింగ్‌లో 20. బేరింగులు బాగానే ఉన్నాయని ఈ అంకెలే చెబుతున్నాయి. ఆయన ఆ అంకెలు చూడకుండా ఇంజన్ దింపించి బేరింగులన్నీ మార్పించాడు. పాత రకం ఫిల్టరే మళ్ళీ బిగించారు. మర్నాడు పొద్దున్న ముల్లు మళ్ళీ ఎనిమిది సెకన్లు ఆలస్యం! డబ్బు పోయింది, లోపం మిగిలింది. రెండు స్టార్టుల పరీక్షకు పట్టేది అయిదు నిమిషాలు.

మీరు చేయవలసిన పని

మీలో చాలామందికి ఎం.జి.బి. కారు ఎప్పుడూ కనిపించకపోవచ్చు. కాని మీ ఊళ్ళో ఒక పాత అంబాసిడరో, జీపో, ట్రాక్టరో తప్పక ఉంటుంది. దాని యజమాని అనుమతితో, పక్కన పెద్దవాళ్ళు ఉండగా, ఒక పుస్తకంలో నాలుగు గళ్ళు గీయండి. బండి ఎన్ని గంటలు ఆగి ఉంది, ఆనాటి ఉష్ణోగ్రత ఎంత, పీడనం రావడానికి ఎన్ని సెకన్లు పట్టింది, వేడెక్కాక పీడనం ఎంత. గేజి లేని బండి అయితే ఆయిల్ హెచ్చరిక దీపం ఎన్ని సెకన్లకు ఆరిందో రాసుకోండి. పదిహేను రోజులు ఇలా రాశాక ఆ పట్టికను షెడ్డులో మెకానిక్కుకు చూపించండి. 'ఏదో తేడాగా ఉంది' అనే మాటకంటే ఆ పట్టిక ఆయనకు ఎక్కువ సహాయం చేస్తుంది.

డాక్టరు రోగిని ముట్టుకోకముందే నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఎప్పటినుంచి? ఏ వేళలో? ఏం చేస్తే తగ్గుతుంది? ఏం చేస్తే పెరుగుతుంది? యంత్రానికి నోరు లేదు కనుక ఆ ప్రశ్నలకు సమాధానాలు మనమే గమనించి రాయాలి. రాత్రి నీళ్ళు ఎక్కడికి పోయాయో బావి దగ్గరి రైతు కూడా అలా గమనించే తెలుసుకున్నాడు. మీరు రేపు ఏ కర్మాగారంలో పనిచేసినా, ఏ ప్రయోగశాలలో ఉన్నా, పానా అందుకునే ముందు గడియారం చూడడం అలవాటు చేసుకోండి.